గెలుపు గుర్రం ఎవరు? అమెరికా అధ్యక్ష ఎన్నికకు పార్టీ అభ్యర్థిని తూచే పద్ధతి

2020 ఫిబ్రవరి 11 రాత్రి డెమోక్రాట్ల న్యూ హాంప్‌షైర్ ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే రాష్ట్రస్థాయి ఓటింగ్) ఫలితాలు చూసి, నా నోట్‌బుక్‌లో జో బైడెన్ పేరును అడ్డంగా కొట్టేశాను. అయోవాలో నాలుగో స్థానం, ఇక్కడ ఐదో స్థానం. ఇంకేం మిగిలింది అనుకున్నా. పద్దెనిమిది రోజులకే సౌత్ కరోలినాలో ఆయనకు 48 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. ఆ వెంటనే వచ్చిన మంగళవారం, అంటే చాలా రాష్ట్రాలు ఒకేసారి ఓటేసే ‘సూపర్ ట్యూస్‌డే’ నాడు, 14 రాష్ట్రాల్లో 10 ఆయనవే. నవంబర్‌లో అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. నేను వార్తలు చూసి తేల్చేశాను కానీ ఎక్కడ, ఎవరు ఓటేస్తున్నారో చూడలేదు. అయోవా, న్యూ హాంప్‌షైర్ దాదాపు తెల్లవాళ్ల రాష్ట్రాలు. బైడెన్ బలం నల్లజాతి ఓటర్లలో ఉంది. వాళ్ల వంతు అప్పటికి ఇంకా రాలేదు.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. 2028 నవంబర్ 7న జరిగే అధ్యక్ష ఎన్నికకు మీకు నచ్చిన పార్టీలో ఎవరు బలమైన అభ్యర్థో తేల్చుకోవాలంటే ఇదే వాడుకోవచ్చు. ఏ పార్టీకైనా పనికొస్తుంది. కావలసింది ఒక కాగితం, పాత ఎన్నికల ఫలితాలు, ఇంకా మన అభిమానాన్ని కాసేపు పక్కన పెట్టే ఓపిక. ఆ మూడోదే కష్టం.

1. ముందు పేర్లు వడకట్టండి

రాజ్యాంగం ప్రకారం అభ్యర్థికి కనీసం 35 ఏళ్లుండాలి, పుట్టుకతో అమెరికా పౌరుడై ఉండాలి, 14 ఏళ్లు ఆ దేశంలో నివసించి ఉండాలి. 1951లో ఆమోదం పొందిన 22వ సవరణ ప్రకారం రెండుసార్లు అధ్యక్షుడిగా ఎన్నికైనవారు మళ్లీ ఎన్నిక కాలేరు. ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ కాలిఫోర్నియా గవర్నర్ అయ్యారు కానీ ఆస్ట్రియాలో పుట్టారు కాబట్టి ఈ పోటీలో లేనట్టే.

ఆ తర్వాత, అసలు పోటీ చేసే ఉద్దేశం లేనివాళ్లను తీసేయండి. ప్రతిసారీ ఎవరో ఒక సినిమా నటుడి పేరో, మాజీ అధ్యక్షుడి భార్య పేరో చక్కర్లు కొడుతుంది. పోటీ చేయని మనిషికి శత్రువులు ఉండరు కాబట్టి సర్వేల్లో మెరిసిపోతారు. ఎనిమిది పది పేర్లు మిగిలితే చాలు.

2. దేశాన్ని కాదు, మ్యాప్‌ను చూడండి

అధ్యక్షుణ్ని తేల్చేవి రాష్ట్రాలవారీగా కేటాయించిన ఎలక్టోరల్ ఓట్లు. అవి మొత్తం 538. గెలవాలంటే 270. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా 48 రాష్ట్రాల్లోనూ రాజధాని వాషింగ్టన్‌లోనూ ఒక్క ఓటు మెజారిటీ వచ్చినా అక్కడి ఎలక్టోరల్ ఓట్లన్నీ గెలిచినవారివే. అందుకే దేశం మొత్తం మీద ఎవరికెన్ని ఓట్లన్నది మనకు అసలు ప్రశ్న కాదు. 2016లో హిల్లరీ క్లింటన్‌కు డొనాల్డ్ ట్రంప్ కంటే 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చాయి. ఆమె ఓడిపోయింది మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియాల్లో కలిపి సుమారు 78 వేల ఓట్ల తేడాతో. 2020లో బైడెన్‌కు దేశవ్యాప్తంగా 70 లక్షల ఆధిక్యం. అయినా అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్‌లలో కలిపి ఆయన ఆధిక్యం సుమారు 43 వేల ఓట్లే, ఆ మూడూ చేజారి ఉంటే 269-269 టై అయ్యేది. పాతకాలం ఉదాహరణ కావాలంటే 2000లో ఫ్లోరిడా ఉంది, తేడా 537 ఓట్లు.

ఇప్పుడు కాగితం మీద 2024 లెక్క వేయండి. ట్రంప్ 312, కమలా హారిస్ 226. తేల్చిన రాష్ట్రాలు ఏడు: పెన్సిల్వేనియా (19), జార్జియా (16), నార్త్ కరోలినా (16), మిషిగన్ (15), అరిజోనా (11), విస్కాన్సిన్ (10), నెవాడా (6). ఏడూ ట్రంప్‌వే. 2028లోనూ రాష్ట్రాలకు ఇవే ఎలక్టోరల్ ఓట్లు. ఇవి మారేది 2030 జనగణన తర్వాతే.

మీరు డెమోక్రాట్ల వైపు నుంచి చూస్తున్నారనుకుందాం. 226కు పెన్సిల్వేనియా 19, మిషిగన్ 15, విస్కాన్సిన్ 10 కలపండి. సరిగ్గా 270. ఒక్కటి కూడా ఎక్కువ లేదు. ఆ 226లో నెబ్రాస్కాలోని ఒమాహా ప్రాంతపు రెండో డిస్ట్రిక్ట్ ఇచ్చే ఒక్క ఓటు కూడా ఉంది. అది చేజారితే 269. అప్పుడు ఎన్నిక ప్రతినిధుల సభకు వెళ్తుంది, అక్కడ ఒక్కో రాష్ట్రానికి ఒక్కో ఓటు. రిపబ్లికన్ల వైపు నుంచైతే లెక్క వెసులుబాటుగా ఉంటుంది: 312 నుంచి 42 పోయినా గెలుపే. అంటే పై మూడింట్లో ఒక్కటి నిలబెట్టుకుని, మిగతావి చెక్కుచెదరకుండా చూసుకుంటే చాలు.

దీన్నిబట్టి మీ ప్రశ్న మారుతుంది. ‘అమెరికా ఈ మనిషిని ఇష్టపడుతుందా?’ అన్న దాని బదులు ‘పెన్సిల్వేనియాలో పోయినసారి అటు వేసిన, లేదా ఇంట్లోనే కూర్చున్న ఓటరు ఈసారి ఈ మనిషికి వేస్తాడా?’ అని అడగాలి.

సొంత రాష్ట్రం కలిసొస్తుందిలే అని మాత్రం ఎక్కువ లెక్క వేసుకోవద్దు. 2000లో డెమోక్రాట్ అభ్యర్థి ఆల్ గోర్ సొంత రాష్ట్రం టెనెసీలోనే ఓడిపోయారు. అది గెలిచి ఉంటే ఫ్లోరిడా గొడవే ఉండేది కాదు. రిపబ్లికన్ అభ్యర్థి మిట్ రామ్నీ తాను గవర్నర్‌గా చేసిన మసాచుసెట్స్‌లో 2012లో ఓడారు.

3. పాత ఓట్లు తూకం వేయండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ఎక్కువమంది దాటేసేదీ ఇదే. ఒక నాయకుడు గెలిచాడా లేదా అన్నది కాదు, ఆ రాష్ట్రంలో తన పార్టీకి మామూలుగా వచ్చేదానికంటే ఎక్కువ తెచ్చాడా తక్కువ తెచ్చాడా అన్నది చూడాలి. లెక్క సులువు. ఆయన మెజారిటీ శాతం తీసుకోండి. దగ్గర్లో జరిగిన అధ్యక్ష ఎన్నికలో ఆ రాష్ట్రంలో అదే పార్టీకి వచ్చిన మెజారిటీతో పోల్చండి.

కెంటకీ గవర్నర్ ఆండీ బెషియర్, డెమోక్రాట్. 2023లో 5 పాయింట్ల (అంటే 5 శాతం ఓట్ల తేడా) మెజారిటీతో గెలిచారు. 2020లో ఆ రాష్ట్రాన్ని ట్రంప్ 26 పాయింట్లతో గెలిచారు. అంటే బెషియర్ పార్టీ కంటే 31 పాయింట్లు ముందున్నారు. మరోవైపు కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్ 2022లో 18 పాయింట్లతో గెలిచారు. వినడానికి ఘనవిజయమే. కానీ అంతకు రెండేళ్ల ముందు బైడెన్ అక్కడ 29తో గెలిచారు. అంటే న్యూసమ్ 11 వెనకబడ్డారు. అది డెమోక్రాట్ అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో వచ్చిన ఎన్నిక, అలాంటప్పుడు అధ్యక్షుడి పార్టీకి మామూలుగా ఎదురుగాలి ఉంటుంది కాబట్టి కొంత మినహాయింపు ఇవ్వాలి, అయినా 18 అన్న అంకె చూసి మురిసిపోకూడదు.

ఇక్కడితో ఆగితే బెషియరే గెలుపు గుర్రం అనిపిస్తుంది. ఆగకండి, ఇంకా రెండు దిద్దుబాట్లు ఉన్నాయి.

మొదటిది, ఎదుట ఎవరున్నారు? ఇందుకు నేను వాడే చిట్కా ఒకటుంది: అదే రోజు, అదే రాష్ట్రంలో, అదే పార్టీ తరఫున నిలబడిన మరో అభ్యర్థితో పోల్చడం. గాలి ఇద్దరికీ ఒకటే కాబట్టి తేడా మనుషుల వల్ల వచ్చిందే. 2022లో పెన్సిల్వేనియా గవర్నర్‌గా జాష్ షపీరో దాదాపు 15 పాయింట్లతో గెలిచారు, అదే రోజు సెనేట్‌కు జాన్ ఫెటర్‌మన్ 5 పాయింట్లతో గెలిచారు. ఆ పది పాయింట్లూ షపీరో సొంతమేనా? కాదు. ఆయన ప్రత్యర్థి డగ్ మాస్ట్రియానో దగ్గర డబ్బూ లేదు, మధ్యేవాద ఓటర్లను దగ్గరకు తీసుకునే ప్రయత్నమూ లేదు. ఫెటర్‌మన్ ఎన్నికల ఏడాదే స్ట్రోక్ బారిన పడ్డారు. సగానికి సగం కోసేసినా షపీరోకు కొంత మిగులుతుంది, అంతే.

జార్జియా ఇంకా చక్కటి ఉదాహరణ. 2022లో రిపబ్లికన్ గవర్నర్ బ్రయాన్ కెంప్ ఏడు పాయింట్లకు పైగా మెజారిటీతో గెలిచారు. అదే బ్యాలెట్ మీద అదే పార్టీ సెనేట్ అభ్యర్థి హర్షెల్ వాకర్ వెనకబడి, తర్వాత రనాఫ్‌లో (ఎవరికీ సగానికి పైగా ఓట్లు రాకపోతే జరిగే రెండో విడత పోలింగ్) ఓడారు. కెంప్‌కు వేసి వాకర్‌కు వేయని ఓటర్లు సుమారు రెండు లక్షల మంది ఉన్నారన్నమాట. మనం వెతికేది వాళ్లనే.

మన వాట్సాప్ గ్రూపుల్లో ట్రంప్ ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ పేరు రాగానే ‘మన తెలుగింటి అల్లుడు’ అన్న మాట ముందొస్తుంది. ఆయన భార్య ఉష గారి కుటుంబ మూలాలు ఆంధ్రలో ఉన్నాయి కాబట్టి ఆ ముచ్చట సహజమే, కానీ విస్కాన్సిన్ ఓటరుకు ఆ బంధుత్వం పట్టదు. ఆయన్నూ ఇదే తక్కెడలో పెట్టండి. 2022లో ఒహాయో సెనేట్‌కు 6 పాయింట్లతో గెలిచారు. ట్రంప్ 2020లో అక్కడ 8తో గెలిచారు. అదే రోజు అదే పార్టీ గవర్నర్ మైక్ డివైన్ 25తో గెలిచారు. వాన్స్ ప్రత్యర్థి టిమ్ రాయన్ గట్టివారు, డివైన్‌కు ఎదురైనవారు అంత గట్టి కాదు, నిజమే. పైగా వాన్స్‌కు అదే మొదటి ఎన్నిక. ఆ తర్వాత దేశమంతా తిరిగిన అనుభవం వచ్చింది. ఇవన్నీ అదే వరుసలో రాసుకోండి.

రెండో దిద్దుబాటు, గవర్నర్ ఓటు వేరు, వాషింగ్టన్ ఓటు వేరు. ఫిల్ బ్రెడెసెన్ అనే డెమోక్రాట్ 2006లో టెనెసీ గవర్నర్‌గా మొత్తం 95 కౌంటీలూ గెలిచారు. 2018లో సెనేట్‌కు నిలబడితే దాదాపు 11 పాయింట్లతో ఓడారు. మేరీలాండ్‌లో రెండుసార్లు గవర్నర్‌గా గెలిచిన రిపబ్లికన్ లారీ హోగన్‌కు 2024 సెనేట్ ఎన్నికలో అదే జరిగింది. రోడ్లూ బడులూ చూసుకునే మనిషిగా ఇష్టపడ్డ ఓటరే, దేశ రాజకీయం అనేసరికి పార్టీ గుర్తు చూస్తున్నాడు. 2016లో సెనేట్ ఎన్నిక జరిగిన ప్రతి రాష్ట్రంలోనూ అధ్యక్ష ఎన్నికలో అక్కడ ఏ పార్టీ గెలిచిందో సెనేట్ సీటూ ఆ పార్టీకే దక్కింది. అందుకే గవర్నర్ల అదనపు పాయింట్లను నేను మూడో వంతుకు కోసేస్తాను. ఇది శాస్త్రీయ సూత్రమేమీ కాదు, నా ఉజ్జాయింపు. బెషియర్ 31 అప్పుడు 10 అవుతుంది. తక్కువేం కాదు, కానీ మొదట కనిపించినంతా కాదు.

అదే సెనేట్ గెలుపైతే అంతగా కోయక్కర్లేదు. 2024లో అరిజోనాను ట్రంప్ ఐదు పాయింట్లకు పైగా తేడాతో గెలిచిన రోజునే డెమోక్రాట్ రూబెన్ గయేగో అక్కడ సెనేట్‌కు రెండు పాయింట్లకు పైగా తేడాతో గెలిచారు. ఒకే రోజు, ఎటైనా మొగ్గగల ఒకే స్వింగ్ రాష్ట్రం, కేంద్ర పదవి. ప్రత్యర్థి కేరీ లేక్ బలహీనతకు కొంత తీసేసినా, ఇలాంటి ఓట్ల విలువ ఎక్కువ.

4. సర్వేల్లో ఏం చదవాలి, ఏం వదిలేయాలి

ఎన్నికకు రెండు మూడేళ్ల ముందు వచ్చే ‘ఎవరు ముందంజలో’ సర్వేలు దాదాపుగా పేరు ఎంతమందికి తెలుసో చెబుతాయి, అంతకుమించి చెప్పవు. 2007లో చాలా నెలలపాటు రిపబ్లికన్ సర్వేల్లో న్యూయార్క్ మాజీ మేయర్ రూడీ జులియానీ ముందున్నారు. ఆయన ఫ్లోరిడా మీదే ఆశపెట్టుకుని, అక్కడ మూడో స్థానంలో నిలిచి తప్పుకున్నారు. ఆ 2007 వేసవిలోనే ప్రచారానికి డబ్బుల్లేక పని అయిపోయిందనిపించుకున్న జాన్ మెక్‌కెయిన్‌కు టికెట్ దక్కింది.

ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి అడిగే సర్వేల సంగతీ అంతే. 1988 జులైలో పార్టీ మహాసభ అయిన వెంటనే డెమోక్రాట్ అభ్యర్థి మైకేల్ డుకాకిస్ గ్యాలప్ సర్వేలో 17 పాయింట్ల ముందున్నారు. నవంబర్‌లో రిపబ్లికన్ జార్జ్ హెచ్. డబ్ల్యు. బుష్ 40 రాష్ట్రాలు గెలిచారు. ఎన్నికకు నాలుగు నెలల ముందే అలా ఉంటే, రెండేళ్ల ముందు సంగతి వేరే చెప్పాలా?

మరి చదవాల్సిందేంటి? మూడు అంకెలు: ఇష్టపడేవారు, ఇష్టపడనివారు, తెలియదు అన్నవారు. ‘తెలియదు’ ఎక్కువగా ఉన్న అభ్యర్థికి ఎదిగే చోటుంది. అయితే ఆ ఖాళీని ప్రత్యర్థి కూడా నింపగలడు, డుకాకిస్‌కు జరిగింది అదే. అందరికీ తెలిసి, సగానికి పైగా జనం ఇష్టపడని అభ్యర్థికి పైకి పోవడం కష్టం. అసాధ్యం మాత్రం కాదు. 2016లో పోటీపడ్డ ఇద్దరినీ జనంలో సగానికి పైగా ఇష్టపడలేదు. ఇద్దరూ నచ్చనివాళ్లలో ఎక్కువమంది ట్రంప్ వైపు మొగ్గారు.

5. ముందు ఇంట గెలవగలరా?

నవంబర్‌లో బలమైన అభ్యర్థి కావడం వేరు, నవంబర్ దాకా రాగలగడం వేరు. 2022లో ఫ్లోరిడా గవర్నర్‌గా 19 పాయింట్లతో గెలిచిన రిపబ్లికన్ రాన్ డిసాంటిస్‌ను చూసి చాలామంది ఇక ఆయనే అన్నారు. మూడో మెట్టు లెక్కలో ఆయనకు గొప్ప మార్కులే పడతాయి. 2024 అయోవా కాకస్‌లో (ప్రైమరీకి బదులు సమావేశాల్లో జరిగే ఎంపిక) ట్రంప్‌కు 51 శాతం, ఆయనకు 21. న్యూ హాంప్‌షైర్ దాకా కూడా ఆగకుండా డిసాంటిస్ తప్పుకున్నారు.

ప్రైమరీ నిబంధనలు రెండు పార్టీలకూ వేరు. డెమోక్రాట్లు డెలిగేట్లను (పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులను) ఓట్ల నిష్పత్తిలో పంచుతారు, 15 శాతం దాటనివారికి ఏమీ రాదు. రిపబ్లికన్లలో మార్చి 15 తర్వాత రాష్ట్రాలు గెలిచినవారికే అన్నీ ఇచ్చేయొచ్చు. అందువల్ల రిపబ్లికన్ పోటీలో ఓట్లు చీలితే 35 శాతం ఉన్నవారు కూడా దూసుకుపోతారు. డెమోక్రాట్లలో ముందంజలో ఉన్నవారిని పట్టుకోవడం కష్టం, వాళ్లు పోటీని త్వరగా ముగించడమూ కష్టమే. ఏ రాష్ట్రం ముందు ఓటేస్తుందన్న వరుస కూడా మారుతుంటుంది. 2024కు డెమోక్రాట్లు సౌత్ కరోలినాను ముందుకు తెచ్చారు. ఎవరి బలం ఏ రాష్ట్రంలో ఉందో ఆ వరుసతో పోల్చి చూడండి. 2020లో నేను చేయనిది ఇదే.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. లేకపోతే కష్టం, ఉన్నంత మాత్రాన సరిపోదు. 2016 రిపబ్లికన్ పోటీలో జెబ్ బుష్‌కు మద్దతిచ్చిన కమిటీ 10 కోట్ల డాలర్లకు పైగా పోగేసింది, ఆయనకు దక్కింది 4 డెలిగేట్లు. 2020 డెమోక్రాట్ల పోటీలో కుబేరుడు మైకేల్ బ్లూంబర్గ్ అంతకన్నా ఎన్నో రెట్లు సొంత డబ్బు గుమ్మరించి, సూపర్ ట్యూస్‌డే నాడు గెలిచింది పసిఫిక్‌లోని చిన్న దీవుల ప్రాంతం అమెరికన్ సమోవా ఒక్కటే.

6. ‘ఎందుకు?’ అని అడిగితే ఏం చెబుతారు?

1979లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌ను సొంత పార్టీలోనే ఓడించగలరని సెనేటర్ ఎడ్వర్డ్ కెనడీ మీద చాలామందికి నమ్మకం. నవంబర్ 4న సీబీఎస్‌లో రోజర్ మడ్‌తో ఆయన ఇంటర్వ్యూ ప్రసారమైంది. ‘మీరు అధ్యక్షుడు ఎందుకు కావాలనుకుంటున్నారు?’ అన్నది ప్రశ్న. అంత తేలికైన ప్రశ్న ఇంకోటి ఉండదు. కెనడీ తడబడ్డారు, దేశ వనరుల గురించి, చదువుల గురించి ఎటో వెళ్లిపోయారు, జవాబు మాత్రం రాలేదు. అదే రోజు టెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించడంతో కార్టర్ వెనక దేశం నిలబడింది కాబట్టి ఓటమి మొత్తాన్నీ ఆ ఇంటర్వ్యూ మీద వేయలేం. అయినా ఆ తడబాటు ఆయన్ను వదల్లేదు.

మీ జాబితాలో ఒక్కొక్కరివీ రెండు మూడు పెద్ద ఇంటర్వ్యూలు పూర్తిగా చూడండి. క్లిప్పులు వద్దు, వాటిలో అందరూ సింహాలే. విరోధి వర్గం ఛానల్లో కూర్చున్నప్పుడు ఎలా ఉన్నారు, పాత ఓటు ఒకటి తవ్వితీస్తే టెన్షన్ పడ్డారా, తప్పించుకున్నారా, నిలబడి వివరించారా అన్నది రాసుకోండి.

ఆ తర్వాత మీరే ప్రత్యర్థి అయినట్టు 30 సెకన్ల యాడ్ ఒకటి రాయండి. ఆయన బలహీనత మీద కాదు, బలం మీద రాయండి. 2004లో డెమోక్రాట్లు హోవర్డ్ డీన్‌ను కాదని జాన్ కెర్రీని ఎంచుకోవడానికి పెద్ద కారణం ‘ఈయనైతే గెలుస్తాడు’ అన్న లెక్క. వియత్నాం యుద్ధవీరుడు, యుద్ధకాలంలో ఆయన్ను ఎవరేమనగలరు? ఆ వేసవిలో ప్రత్యర్థి వర్గం యాడ్లు సరిగ్గా ఆ యుద్ధ రికార్డు మీదే దాడి చేశాయి, కెర్రీ వెంటనే తిప్పికొట్టలేదు. ఒహాయోలో సుమారు 1 లక్షా 18 వేల ఓట్లతో ఎన్నిక పోయింది. ఎవరో ఇంకొకరికి నచ్చుతాడని మనం ఊహించి ఎంచుకున్న అభ్యర్థి చాలాసార్లు ఎవరికీ గట్టిగా నచ్చడు.

7. గాలి ఎటు వీస్తోంది?

అభ్యర్థి ఎంత గొప్పవాడైనా సర్దగలిగేది కొద్ది పాయింట్లే. మిగతాది ధరలు, ఉద్యోగాలు, అధికారంలో ఉన్నవారి మీద విసుగు. 1991లో గల్ఫ్ యుద్ధం తర్వాత పెద్ద బుష్ ఆదరణ 89 శాతం. ఆయన్ను ఎదుర్కోవడం దండగ అనుకుని డెమోక్రాట్లలో మారియో క్యూమో లాంటి పెద్ద తలకాయలు బరిలోకి దిగలేదు. అర్కన్సా గవర్నర్ బిల్ క్లింటన్ దిగారు. మరుసటి ఏడాది నవంబర్‌లో బుష్‌కు వచ్చింది 37 శాతం.

కాబట్టి అధ్యక్షుడి ఆదరణ శాతం చూడండి, కానీ ఎన్నిక ఏడాది వేసవిలో చూడండి. అధికార పార్టీ అభ్యర్థి అయితే అధ్యక్షుడి నుంచి దూరం జరగగలరా అన్నది అదనపు ప్రశ్న. ఉపాధ్యక్షులకు ఇదే పెద్ద చిక్కు. 2024లో బైడెన్ తప్పుకున్నాక ఉపాధ్యక్షురాలు హారిస్ దగ్గర 107 రోజులే ఉన్నాయి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడంలోనే చాలా పోయాయి.

8. కాగితం నింపడం

ఒక్కో పేరుకు ఒక్కో వరుస. మూడో మెట్టులో వచ్చిన కోసిన పాయింట్లు, ‘తెలియదు’ శాతం, ప్రైమరీలో ఎవరి ఓట్లు పడతాయి, ప్రత్యర్థిగా మీరు రాసిన యాడ్, చివర్లో ‘ఏం జరిగితే నా అభిప్రాయం మార్చుకుంటాను’ అన్న గడి. మార్కులన్నీ కూడి ర్యాంకులు వేయకండి. నేను వేసి చూశాను, నాకిష్టమైనవాళ్లకు ఎలాగోలా ఒక మార్కు ఎక్కువ పడేది. ఇద్దరిద్దరిని పక్కపక్కన పెట్టి ‘పెన్సిల్వేనియాలో ఈ ఇద్దరిలో ఎవరు?’ అని అడగడం నయం.

పైన తేదీ వేయండి. 2026 నవంబర్ 3 మధ్యంతర ఎన్నికల్లో 36 రాష్ట్రాల గవర్నర్ పదవులకు పోలింగ్ ఉంటుంది, ఆ ఫలితాలతో మూడో మెట్టు మొత్తం మళ్లీ చేయాలి. తర్వాత 2027లో అభ్యర్థులు ప్రకటించుకున్నాక ఒకసారి, మొదటి డిబేట్ అయ్యాక ఒకసారి. 2028లో సౌత్ కరోలినా ఓటేసేదాకా మాత్రం ఏ పేరునూ కొట్టేయకండి.